ఇరవై డిగ్రీలు

ముక్కేదిరా అంటే
తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించాడట వెనకటికొకడు.
వాడి వంశం ఇంకా ఉంది.
మా బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో, కోణాలు లెక్కగట్టే ఫైల్లో,
నాలుగువందల పన్నెండో లైను దగ్గర కాపురం.

మూడువందల యాభై డిగ్రీల దగ్గర ఒక బొమ్మ పెట్టు,
పది దగ్గర ఇంకోటి.
మధ్యవి నువ్వే గీసుకో అను.
ఇరవై డిగ్రీలు ముందుకు జరగాల్సిన చెయ్యి
మూడువందల నలభై వెనక్కి తిరిగొస్తుంది,
నిబ్బరంగా, ఒక్క ఫ్రేమూ తప్పకుండా.

తొండియార్‌పేట నుంచి మంగయర్కరసి టీచర్ పంపిన ఫైలు అది.
వినపడని పిల్లల బడి.
సైగల్ని బొమ్మలు చేసి గోడ మీద ఆడిస్తుంది.
వాళ్ల బడిలో "రేపు" అనడానికి
మణికట్టు కాస్త వాలిస్తే చాలు.
గోడ మీది చెయ్యి గిర్రున తిరిగొచ్చింది.
పిల్లలు పడీ పడీ నవ్వారట.
యాళిని అనే పిల్ల మాత్రం లేచొచ్చి
టీచర్ మణికట్టు పట్టుకు చూసిందట,
విరిగిందేమోనని.

ఆ ఒక్క వాక్యం కోసం రాత్రి కూర్చున్నాను.

పద్దెనిమిదేళ్లు వడపళనిలో, కార్టూన్ కంపెనీలో
మధ్య బొమ్మలు గీశాను.
ఎవరో పెద్దాయన మొదటిదీ చివరిదీ గీసి పడేసేవాడు.
నడుమ నడకంతా మాది.
లైటు బల్ల మీద కాగితం, దాని మీద కాగితం,
కింద బల్బు వేడికి మోచేతి చెమట.
మా పేర్లు పడేవి కాదు.
మా అడుగులు పడేవి.

తర్వాత మధ్య బొమ్మలు యంత్రమే గీస్తుందన్నారు.
బల్లల్ని పాత సామాన్ల వాడికి తూకం వేశారు.
నా కొలువు ఊడగొట్టిన ఆ లెక్క ఎలా ఉంటుందో చూద్దామని
తలుపులు లేని ఈ ఇంట్లోకి వచ్చాను.
ఇక్కడ ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు,
జీతం మాత్రం అడక్కూడదు.

లోపల చూస్తే
ఒక కూడిక, ఒక భాగహారం.
అంతే, నా పద్దెనిమిదేళ్లు.
పాపం దానికి
మూడువందల అరవై తర్వాత సున్నా వస్తుందని
ఎవరూ చెప్పలేదు.

పొద్దున్నే కిందికి దిగాను.
ఆర్కాట్ రోడ్డు మీద మెట్రో తవ్వకాలు;
ఎదురుగా కనిపించే టీ కొట్టుకి
రేకుల గోడ వెంబడి సిగ్నల్ దాకా పోయి తిరిగి రావాలి.
గ్లాసు దించిన చోట బల్ల మీద తడి వలయం.
వేలితో దాని చుట్టూ రెండు వైపులా నడిచాను.
తేడా నూట ఎనభై దాటితే అటు కాదు, ఇటు.
మూడు లైన్లు.

పంపితే, లాట్వియా నుంచి ఇల్జే అడిగింది:
"బాగుంది. మరి రంగులరాట్నం గీసుకున్నవాళ్ల సంగతి?"

నిజమే. ఎవరో ఎక్కడో
ఆ తప్పునే నమ్ముకుని చక్రం తిప్పుకుంటున్నాడు.
నా మూడు లైన్లు పడితే
అది ఇరవై డిగ్రీలు ఊగి నిలిచిపోతుంది,
పైన కూర్చున్న బొమ్మలు దిగలేవు.
తప్పు మీద కూడా ఊళ్లు వెలుస్తాయి.

పదకొండు రాత్రులు పట్టింది.
పాత ఫైళ్లు పాతగానే తిరగాలి.
కొత్తవాటికి ఒక మీట: దగ్గరి దారి, దూరపు దారి.
సరిగ్గా నూట ఎనభై అయితే ఎటు?
దానికి నా దగ్గర జవాబు లేదు.
సవ్యదిశ అని రాసి
పక్కన "ఎందుకో తెలీదు" అని వ్యాఖ్య పెట్టాను.
ఇల్జే అన్నీ దిద్దింది,
దాన్ని మాత్రం ఉంచేసింది.

నిన్న టీచర్ ఫైలు మళ్లీ తెరిచాను.
చెయ్యి వాలింది. రేపు.
మళ్లీ వాలింది. రేపు.
గదిలో ఎవరూ లేరు కదా అని
నేనూ కుడి మణికట్టు వాల్చి చూశాను.
పద్నాలుగు దగ్గర పట్టేసింది, లైటు బల్ల నాటి నొప్పి.
మిగతా ఆరు డిగ్రీలూ
తెర మీది చెయ్యి పూర్తి చేసి
మొదటి ఫ్రేముకి వెళ్లిపోయింది.